గెలిచిన ఆటని నేనే ఎందుకు పోగొట్టుకుంటున్నాను? ఇది మనసు సంగతా, ఆట సంగతా?

ఆరో వరుస (ప్రశ్న)

చాలా రోజులుగా ఈ చెస్ ఫోరమ్‌లో చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. నాకు 36 ఏళ్ళు. క్లాసికల్ (ఎక్కువ టైమ్ ఉండే ఆటల) రేటింగ్ మూడేళ్ళుగా 1580 చుట్టూనే తిరుగుతోంది. పోయిన వారం ఒక టోర్నమెంట్ ఐదో రౌండ్‌లో జరిగింది చెబుతాను. నా ప్రశ్న అక్కడే పుట్టింది.

టైమ్ కంట్రోల్ 90 నిమిషాలు, ఎత్తుకి 30 సెకన్లు అదనం. నావి తెల్లపావులు. అవతల పద్నాలుగేళ్ళు ఉంటాయేమో, ఒక అబ్బాయి. 23వ ఎత్తులో గుర్రాన్ని ఊరికే వదిలేశాడు. నేను తీసుకోగానే కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. నా గుండె కొట్టుకోవడం నాకే వినిపించింది. అప్పటికి నా గడియారంలో 41 నిమిషాలు, వాడి దగ్గర 6.

అక్కడి నుంచి గబగబా ఆడటం మొదలుపెట్టాను. వాడికి టైమ్ లేదు కదా, నా టైమ్‌లో వాడిని ఆలోచించనివ్వకూడదు అనుకున్నాను. తొమ్మిది ఎత్తులు అలా ఆడాను. ముప్ఫై ముప్ఫై సెకన్లు కలుస్తూ ఉండటంతో నా గడియారం 41 దగ్గరే నిలబడిపోయింది. 33వ ఎత్తులో రూక్‌ని (ఏనుగుని) మొదటి వరుస నుంచి ఏడో వరుసకి తీసుకెళ్ళాను. పావు మీద నుంచి చేయి తీస్తున్నప్పుడు కనిపించింది, నా మొదటి వరుస ఖాళీ అని. రాజు ముందు మూడు బంట్లూ కదలకుండా అలాగే ఉన్నాయి, తప్పించుకునే దారి లేదు. ఆ అబ్బాయి నమ్మలేక ఒకసారి నా మొహం చూశాడు. తర్వాత ఆడాడు. రెండు ఎత్తుల్లో ఆటకట్టు.

అదే రోజు సాయంత్రం ఆరో రౌండ్. లోపల కసిగా ఉంది. ఎచ్7 గడి మీద బిషప్‌ని (ఏటవాలుగా నడిచే పావుని) బలి ఇచ్చాను, లెక్క పూర్తిగా వేయకుండానే. 22వ ఎత్తుకి రిజైన్ చేశాను, అంటే ఓటమి ఒప్పుకున్నాను. రాత్రి ఇంటికొచ్చి ఆన్‌లైన్‌లో మూడు నిమిషాల ఆటలు ఒంటిగంటన్నర దాకా ఆడి 140 పాయింట్లు పోగొట్టుకున్నాను.

నాతోపాటు ఆడే స్నేహితుడు ఒకడు, "టెన్షన్ అన్నది సాకురా, నీకు వెనక వరుస చూసుకునే అలవాటు లేదు, అంతే" అంటాడు. కానీ ఇలాంటి ఆటకట్టు పజిల్స్‌లో నాకు ఐదు సెకన్లలో కనిపిస్తుంది. మరి బోర్డు ముందు ఎందుకు కనిపించలేదు? దయచేసి "రిలాక్స్‌గా ఆడండి" అని మాత్రం చెప్పకండి. ఆ మాట చాలామంది చెప్పారు. ఎలా అన్నది ఎవరూ చెప్పలేదు.

రెండు గడియారాలు

ఆరో వరుస గారూ, నేను ఆర్బిటర్‌ని, అంటే టోర్నమెంట్‌లో నియమాలు చూసే మనిషిని. పదకొండేళ్ళుగా హాల్లో బోర్డుల మధ్య తిరుగుతున్నాను. ఆడేవాళ్ళు బోర్డు చూస్తారు, నేను ఆడేవాళ్ళను చూస్తాను. కాబట్టి నాకు కనిపించింది చెబుతాను.

ఓడిపోతున్నవాళ్ళు కదలకుండా కూర్చుంటారు. మోచేతులు టేబుల్ మీద, అరచేతుల మధ్య మొహం. గెలుస్తున్నవాళ్ళు లేచి తిరుగుతారు, పక్క బోర్డులు చూస్తారు, గోడకి అంటించిన పెయిరింగ్స్ (ఎవరికి ఎవరితో ఆటో చెప్పే జాబితా) చదువుతారు. కొత్తలో నాకిది వింతగా ఉండేది. ఎవరు ఎక్కువ జాగ్రత్తగా ఆడుతున్నారో చూస్తే, చాలాసార్లు ఓడిపోతున్న మనిషే. వాళ్ళకి ప్రతి ఎత్తూ ప్రాణంతో సమానం. గెలుస్తున్న మనిషికి ఆట అయిపోయింది, కాకపోతే ఇంకా సంతకాలు పెట్టలేదు.

మీరు ఒక్క పని చేయండి. ఆ ఆట స్కోర్ షీట్ (ఎత్తులు రాసే కాగితం) కాపీ మీ దగ్గర ఉంటే తీసి చూడండి. ఎత్తుల కోసం చూడొద్దు, చేతిరాత కోసం చూడండి. రౌండ్ అయ్యాక షీట్లు నా దగ్గరికే వస్తాయి, వందలకొద్దీ చూశాను. మనిషి ఎక్కడ కుదురు తప్పాడో ఆటంతా మళ్ళీ ఆడి చూడక్కర్లేదు, అక్షరాలు చెప్పేస్తాయి. గీత దాటి పోతాయి, పెద్దవవుతాయి, ఒక్కోసారి నల్లపావుల గడిలో తెల్లపావుల ఎత్తు రాసేస్తారు. మీ షీట్ మీద అది ఏ ఎత్తు దగ్గర మొదలైందో చూసి ఇక్కడ రాయండి.

ఇంకొకటి. అవతలివాళ్ళ గడియారం మీద ఆడటం అన్నది నేను రోజూ చూసే తప్పు. వాళ్ళకి ఆరు నిమిషాలు ఉంటే అది వాళ్ళ కష్టం. మీరు వాళ్ళతో కలిసి పరుగెత్తితే ఆ కష్టాన్ని సగం మీరు మోసినట్టే.

ఫిలిడార్ వరుస

నేను మీ స్నేహితుడి పక్షమే, కోపం తెచ్చుకోకండి. నా రేటింగ్ 2100 పైన. నేనూ 1600 దగ్గర నాలుగేళ్ళు ఇరుక్కున్నవాడినే, అందుకే చెబుతున్నాను.

పజిల్‌లో ఐదు సెకన్లలో కనిపించడానికి కారణం మీ మనసు ప్రశాంతంగా ఉండటం కాదు. "ఇక్కడ ఏదో ఉంది" అని పజిల్ ముందే చెప్పేస్తుంది. పైగా అందులో మీరు కొట్టే వైపు ఉంటారు. మీ రాజుకి మీరే ఆటకట్టు తెచ్చుకునే పజిల్ ఎన్నిసార్లు చేశారు? ఆటలో ఎవరూ భుజం తట్టి "ఇప్పుడు చూడు" అనరు. ప్రతి ఎత్తుకీ ముందు అవతలివాళ్ళ చెక్‌లు, వాళ్ళు తీసుకోగల పావులు, వాళ్ళ బెదిరింపులు ఒకసారి చూసే అలవాటు ఉంటే, గుండె ఎంత కొట్టుకున్నా ఆ రూక్ కదిలేది కాదు. అలవాటు లేదు కాబట్టి దాన్ని మనసు మీదకి తోస్తున్నాం.

భయం సంగతి కూడా అంతే. ఒకప్పుడు రూక్ ఎండ్‌గేమ్ (కొద్ది పావులే మిగిలిన ఆట చివరి భాగం) వచ్చిందంటే నా చేతులు చల్లబడేవి. ఒక బంటు తక్కువగా ఉంటే ఓడిపోయినట్టే అనుకుని కంగారుగా చెక్‌లు ఇచ్చుకుంటూ పోయేవాడిని. తర్వాత ఫిలిడార్ పొజిషన్ నేర్చుకున్నాను. బంటు ముందుకు వచ్చేదాకా మన రూక్‌ని మన వైపు నుంచి మూడో వరుసలో ఉంచి అవతలి రాజుని రానివ్వకుండా ఆపడం, బంటు ఆ వరుసలోకి రాగానే రూక్‌ని అవతలి రాజు వెనకవైపు, బోర్డు అవతలి చివరకి తీసుకెళ్ళి అక్కడి నుంచి చెక్‌లు ఇవ్వడం. అంతే. నేర్చుకుని, నలభైసార్లు ఇంజిన్ (చెస్ ఆడే కంప్యూటర్ ప్రోగ్రామ్) మీద ఆడి డ్రా చేశాను. ఆ తర్వాత అలాంటి పొజిషన్‌లో నాకు చేతులు చల్లబడలేదు. ధ్యానం చేసి తెచ్చుకున్న ప్రశాంతత కాదది, ఏం చేయాలో తెలియడం వల్ల వచ్చింది.

ఆరో రౌండ్‌లో బిషప్ బలి మాత్రం వేరే కథ, అక్కడ మీతో ఒప్పుకుంటాను. ఓడిన రోజునే ఇంకో రౌండ్ ఉంటే నేను మొదటి పది ఎత్తులు బాగా తెలిసిన, చప్పగా ఉండే ఓపెనింగే ఆడతాను. నా కసి చల్లారడానికి ఆ పది ఎత్తులు పడుతుంది.

చిన్న బంటు వాళ్ళమ్మ

నాకు ఆట పెద్దగా రాదండీ. మా అమ్మాయికి పదకొండేళ్ళు, ఆడుతుంది. ఫిలిడార్ వరుస గారి మాట చదివాక ఒక విషయం చెప్పాలనిపించింది.

మా అమ్మాయి వయసుదే ఇంకో అమ్మాయి ఉంది, ఆ పాప చేతిలో మా అమ్మాయి వరసగా మూడుసార్లు ఓడింది. నాలుగోసారి పెయిరింగ్స్‌లో ఆ పేరు చూడగానే మాట్లాడటం మానేసింది. ఆటలో కనిపించిన పావుకల్లా పావు మార్చేసుకుంది. చివరికి ఓడింది. ఇంటికి వచ్చాక వాళ్ళ కోచ్ ఒక పని చేశారు. పది రోజులు ఆగి, ఆ ఆటలోనే 17వ ఎత్తు దగ్గరి పొజిషన్‌ని బోర్డు మీద పెట్టి, ఎవరి ఆటో చెప్పకుండా, "నీవి నల్లపావులు, ఏం ఆడతావు?" అని అడిగారు. రెండు నిమిషాలు చూసి బంటుని మధ్యలో ముందుకు తోసింది. అదే సరైన ఎత్తట. ఆటలో ఆ బంటు జోలికే పోకుండా బిషప్‌ని వెనక్కి లాక్కుంది.

ఎత్తు దానికి తెలుసు. అవతల ఉన్న పేరు చూసి చేయి రాలేదు. ఇది అలవాటు సంగతి అనగలమా? నాకు తెలియక అడుగుతున్నాను.

ఓడిన తర్వాత సంగతి కూడా ఒకటి. మొదట్లో నేను హాలు బయటే "ఏమైంది, ఎక్కడ పోయింది" అని అడిగేసేదాన్ని. ఇప్పుడు అడగను. నీళ్ళ సీసా ఇచ్చి పక్కన నడుస్తాను, తనే మొదలుపెట్టేదాకా. మొదటి రౌండ్ ఓడితే టోర్నమెంట్ అంతా పోయిందని ఏడ్చేది. 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో కోనేరు హంపి గారు మొదటి రౌండ్ ఓడిపోయి కూడా 11 రౌండ్లలో 8.5 పాయింట్లతో ప్రపంచ మహిళల ర్యాపిడ్ టైటిల్ గెలిచారని చెబితే, ఆ పట్టికని కాగితం మీద రాసి దాచుకుంది. మొదటి రౌండ్ ఎదురుగా ఉన్న సున్నా చుట్టూ ఎర్ర పెన్నుతో గీత గీసింది.

పాత గుర్రం

ఆరో వరుస గారూ, మీ ప్రశ్న మూడు రోజులుగా నా తలలో తిరుగుతోంది. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

నాకు 52. ఆట నేర్పింది మా నాన్న. ఆయన పోయిన ఆరు వారాలకి ఒక తొమ్మిది రౌండ్ల టోర్నమెంట్ ఉంది, ఎంట్రీ అంతకుముందే కట్టేశాను. వెళ్ళాలని లేదు, ఇంట్లో కూర్చోలేక వెళ్ళాను. బోర్డు ముందు కూర్చుంటే ఆయన వేళ్ళు బంటుని పట్టుకునే తీరు గుర్తొచ్చేది. రెండు రౌండ్లలో ఆట మధ్యలో బాత్‌రూమ్‌కి వెళ్ళి ఏడ్చి మొహం కడుక్కుని వచ్చి మళ్ళీ కూర్చున్నాను. ఆ టోర్నమెంట్‌లో 9కి 6.5 చేశాను. ఈ రోజుకీ నా జీవితంలో అదే అత్యుత్తమ స్కోరు. నాకంటే 300 రేటింగ్ ఎక్కువున్న ఆయనతో బంటు తక్కువ ఎండ్‌గేమ్‌ని మూడు గంటలు పట్టుకుని డ్రా చేశాను. ఆ మూడు గంటల్లో ఒక్కసారి కూడా భయం వేయలేదు.

నాలుగు నెలల తర్వాత ఇంకో టోర్నమెంట్. ఈసారి దుఃఖం చాలా తగ్గింది. ఆయన పెన్ను జేబులో పెట్టుకుని వెళ్ళాను, దానితోనే స్కోర్ షీట్ రాశాను. ఆయన కోసం గెలవాలి అనుకున్నాను. రెండో రౌండ్‌లో సమానంగా ఉన్న పొజిషన్‌లో అవతలి ఆయన డ్రా అడిగితే ఒప్పుకోలేదు, ఓడిపోయాను. మూడు, నాలుగు, ఐదు కూడా అలాగే. నాలుగు ఆటలు వరసగా. ప్రతిదాంట్లోనూ లేని గెలుపు కోసం నా రాజు ముందు బంట్లను నేనే తోసుకున్నాను.

దుఃఖం ఎక్కువగా ఉన్నప్పుడు బాగా ఆడి, తగ్గినప్పుడు ఎందుకు చెడిపోయాను? చాలా ఏళ్ళు ఆలోచించాను. మొదటి టోర్నమెంట్‌లో నా దుఃఖం బోర్డుని ఏమీ అడగలేదు. గెలిచినా ఓడినా అది మారేది కాదు. రెండో దాంట్లో నా ప్రేమ బోర్డుని ఒక విజయం ఇమ్మని అడిగింది, పొజిషన్ దగ్గర అది లేదు. అప్పటి నుంచి నేను ఎంత టెన్షన్‌గా ఉన్నాను అని చూసుకోవడం మానేశాను. ఈ టెన్షన్ ఇప్పుడు నన్ను ఏం చేయమంటోంది అని మాత్రం చూస్తాను.

పెద్దవాళ్ళ ఆటలు ఈ కళ్ళతో మళ్ళీ చూశాను. 2024 సింగపూర్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ మ్యాచ్, 14వ ఆట, డింగ్ లిరెన్‌కీ గుకేశ్‌కీ మధ్య. డింగ్ లిరెన్‌కి ఒక బంటు తక్కువ, కానీ జాగ్రత్తగా ఆడితే డ్రా. 55వ ఎత్తులో రూక్‌ని ఎఫ్2కి తెచ్చి రూక్‌లు మార్చుకుందామన్నాడు. పావులు తగ్గితే డ్రా దగ్గరవుతుంది అన్నది మామూలు ఆలోచనే. కానీ ఆయన బిషప్ మూలన ఏ8లో ఉంది. రూక్‌లు పోగానే గుకేశ్ తన బిషప్‌ని డి5కి తెచ్చి ఎదురుగా నిలబెట్టాడు. బిషప్‌లు కూడా పోయాక మిగిలేది రాజులూ బంట్లే, అది ఓటమి. అంతసేపు కాపాడుకున్న మనిషి మనసులో ఏముందో నేను చెప్పలేను. నా ఆటల్లో అలాంటి ఎత్తు వచ్చిన ప్రతిసారీ లోపల ఒకటే మాట ఉండేది: ఇక ఇది అయిపోతే బాగుండు.

2014 సోచిలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ మ్యాచ్, ఆరో ఆట ఇంకో రకం. కార్ల్‌సన్ 26వ ఎత్తులో రాజుని డి2కి కదిపాడు. గుర్రంతో ఈ5 బంటు తీసుకుంటే ఆనంద్‌కి ఆట చేతికొచ్చేది. ఆనంద్ అప్పటిదాకా ఒత్తిడిలో ఉన్నాడు, కాపాడుకునే పనిలో ఉన్నాడు. ఎక్కువసేపు ఆగకుండా తను అనుకున్న బంటునే ఏ4కి తోశాడు, ఆటా పోయింది. కాపాడుకునే మనసుకి "అవతలివాడు ఇప్పుడేమైనా ఇచ్చాడా?" అన్న ప్రశ్న రాదు. నన్ను ఎలా కొడతాడు అన్నదే వస్తుంది. అందుకే అవతలివాడు ఎత్తు ఆడగానే నాకు మొదట అనిపించింది ఏదైనా సరే, ఒకసారి ఆ కొత్త ఎత్తు వల్ల ఏ గడి ఖాళీ అయింది అని చూస్తాను.

మీ ఆటకి దగ్గరగా ఉన్నది మాత్రం పాతది. 1956 ఆమ్‌స్టర్‌డామ్ క్యాండిడేట్స్ (ప్రపంచ ఛాంపియన్‌తో ఎవరు తలపడాలో తేల్చే టోర్నమెంట్), పెట్రోసియన్‌కీ బ్రాన్‌స్టీన్‌కీ మధ్య ఆట. పెట్రోసియన్ బోర్డంతా ఆక్రమించాడు. బ్రాన్‌స్టీన్‌కి గుర్రాన్ని అటూ ఇటూ తిప్పడం తప్ప పని లేదు. అలా తిప్పుతూ తిప్పుతూ ఒకసారి గుర్రం వచ్చి క్వీన్ మీద పడింది. పెట్రోసియన్ అది చూడకుండా తన గుర్రాన్ని కదిపాడు, క్వీన్ పోయింది, రిజైన్ చేశాడు. ప్రమాదాన్ని ఎవరికన్నా ముందు పసిగట్టే ఆటగాడని పేరున్న మనిషి ఆయన! 1892 హవానాలో చిగోరిన్‌ది కూడా అలాంటిదే. స్టైనిట్జ్‌తో ప్రపంచ ఛాంపియన్‌షిప్ మ్యాచ్ 23వ ఆటలో గెలిస్తే మ్యాచ్ సమానమయ్యేది, గెలిచే పొజిషన్‌లోనే ఉన్నాడు. తన రాజు దగ్గరున్న ఎచ్2 బంటుని కాపాడుతున్న బిషప్‌ని కదిపేశాడు. రెండు ఎత్తుల్లో ఆటకట్టు, మీలాగే.

ఫిలిడార్ వరుస గారు చెప్పిన అలవాటు తప్పకుండా కావాలి, కాదనను. కానీ చిగోరిన్‌కీ పెట్రోసియన్‌కీ ఆ అలవాటు లేదనలేం కదా. అలవాటు ఉన్నవాడి చేతిలోంచి కూడా దాన్ని లాక్కునేది ఒకటి ఉంది. నా అనుభవంలో అది భయం కన్నా ఎక్కువసార్లు ఊరట. హమ్మయ్య అన్నప్పుడు కళ్ళు కూడా విశ్రాంతి తీసుకుంటాయి. అందుకని నేను పావు గెలిచిన వెంటనే నా వంతు వస్తే చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని, పొజిషన్‌ని కొత్తగా, ఎవరో మధ్యలో ఇచ్చి వెళ్ళినట్టు, నా రాజు దగ్గర మొదలుపెట్టి చూస్తాను. నాలుగైదు నిమిషాలు ఖర్చు పెడతాను. ఉన్న టైమ్ మొత్తంలో ఖర్చుపెట్టడానికి అంతకన్నా మంచి చోటు నాకు దొరకలేదు.

చివరగా మిమ్మల్ని ఒకటి అడుగుతాను, మీరు చెప్పకపోయినా పర్లేదు. ఆ పిల్లాడు కళ్ళు మూసుకున్నప్పుడు మీకేమనిపించింది? మీరు ఆ సంగతి రాశారు, దానికి ఆటతో సంబంధం లేకపోయినా.

ఫిలిడార్ వరుస

పాత గుర్రం గారూ, చిగోరిన్ మాటతో నన్ను ఆపేశారు. అమ్మగారూ, మీ అమ్మాయి బంటు సంగతికి నా దగ్గర జవాబు లేదు. పేరు తీసేసి పొజిషన్ చూపించడం నేను నా ఆటల మీదే చేసుకుంటాను. ఒకరికి వ్యతిరేకంగా నాకు ఐదు ఓటములున్నాయి, ఒక్క డ్రా కూడా లేదు.

అయినా ఒక మాట మీద నిలబడతాను. ఏం చేయాలో తెలిసిన పొజిషన్లు పెరిగేకొద్దీ కంగారుకి పట్టు దొరికే చోట్లు తగ్గుతాయి. అలవాటు పూర్తి మందు కాకపోవచ్చు, కానీ రోజూ చేసుకోగలిగిన పని అది.

ఆరో వరుస

అందరికీ చాలా థ్యాంక్స్. స్కోర్ షీట్ తీశాను.

రెండు గడియారాలు గారూ, మీరు చెప్పింది నిజం. 23వ ఎత్తు దాకా నా అక్షరాలు గీతల మధ్య ఉన్నాయి. 24వది, గుర్రం తీసుకున్న ఎత్తు, మామూలుగానే ఉంది. 25 నుంచి వాలిపోయాయి. 28లో రూక్ ఎత్తుని గుర్రం ఎత్తుగా రాసి కొట్టేశాను. 30, 31 అసలు రాయలేదు, తర్వాత నింపినట్టున్నాను, ఇంక్ ఒత్తు వేరేగా ఉంది. నేను పొరపాటు 33లో జరిగింది అనుకుంటూ ఉన్నాను. ఎనిమిది ఎత్తుల ముందే బోర్డు దగ్గర లేను.

ఇంజిన్ కూడా చూశాను. 27వ ఎత్తులో క్వీన్‌లు మార్చుకునే అవకాశం ఉంది. మార్చుకుంటే పావు ఎక్కువ, ఎండ్‌గేమ్, ఏ ప్రమాదమూ లేదు. ఎందుకు మార్చుకోలేదో ఆలోచించాను. మార్చుకుంటే ఆట ఇంకో ముప్ఫై ఎత్తులు సాగుతుంది. అంతసేపు అక్కడ కూర్చోవడం నాకు ఇష్టం లేదు.

పాత గుర్రం గారూ, మీరు అడిగిన దానికి జవాబు అదే అనుకుంటున్నాను. వాడు కళ్ళు మూసుకున్నాక నాకు వాడి మొహం చూడబుద్ధి కాలేదు. వాడి వయసులో నేనూ అలాగే వాలిపోయి కళ్ళు మూసుకునేవాడిని, అవతల కూర్చున్న పెద్దవాళ్ళు నన్ను చూసి నవ్వుతున్నారేమో అనిపించేది. వాడికి అలా అనిపించకుండా తొందరగా ముగించేయాలి అనుకున్నాను. జాలి అనుకోలేదు అప్పుడు. గడియారం గురించి వ్యూహం అనుకున్నాను. మీరు అడిగేదాకా నాకూ తెలియదు.

వచ్చే నెల మళ్ళీ ఆడుతున్నాను. ఆరు రౌండ్లు. ఒకటే అనుకున్నాను: పావు చేతికొచ్చిన ఎత్తు తర్వాత కనీసం నాలుగు నిమిషాలు, మొదట నా రాజు, తర్వాతే మిగతావి. ఓడిన రాత్రి ఫోన్‌లో ఆ యాప్ తెరవను, ఫోన్‌ని నా భార్య చేతికిచ్చేస్తాను.

ఆర్బిటర్ గారిని ఒకటి అడగాలి. గుర్తు కోసం స్కోర్ షీట్ పైన "రాజు" అని ఒక మాట రాసుకోవచ్చా? లేకపోతే ఎత్తుని ముందు రాసుకుని, ఒకసారి చూసి, తర్వాత ఆడొచ్చా? పాతకాలంలో అలా చేసేవారని విన్నాను.

రెండు గడియారాలు

రెండూ కుదరవండీ. ఎత్తుని ముందే రాయడం ఇప్పటి ఫిడే (ప్రపంచ చెస్ సమాఖ్య) నియమాల్లో లేదు, డ్రా క్లెయిమ్ చేసేటప్పుడు తప్ప. "రాజు" అని రాస్తే అది నోట్స్ కిందకి వస్తుంది, నేనైతే వచ్చి ఆపుతాను.

కానీ షీట్ మీద ఎత్తులతోపాటు గడియారంలో ఉన్న సమయం రాసుకోవచ్చు, అది నియమంలోనే ఉంది. ప్రతి ఎత్తు పక్కనా మీ గడియారంలో ఎన్ని నిమిషాలు ఉన్నాయో రాయండి. ఆ రోజు అలా రాసి ఉంటే 41, 41, 41, 41 అని మీ చేత్తోనే వరసగా పడేది. నాలుగోసారి రాసేటప్పుడైనా చేయి ఆగేది అనుకుంటున్నాను.

లేచి తిరగాలనిపిస్తే అవతలివాళ్ళ వంతులో లేవండి. మీ వంతు ఉన్నప్పుడు ఆర్బిటర్‌ని అడగకుండా ఆడే చోటు దాటి వెళ్ళకూడదు. ఆరు రౌండ్లు అయ్యాక షీట్లు చూసి ఇదే చోట రాయండి, ముఖ్యంగా అక్షరాలు ఎక్కడిదాకా గీత మీద ఉన్నాయో.